జెయింట్ గుమ్మడి తీగ చదునుగా మారితే ఏం చేయాలి?

జెయింట్ గుమ్మడి పెంచేవాళ్లకు ఈ టెన్షన్ ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. నిన్నటిదాకా గుండ్రంగా, బొటనవేలంత లావున సాగిన ప్రధాన తీగ ఉన్నట్టుండి వెడల్పవడం మొదలవుతుంది. కణుపుకి ఒక ఆకు ఉండాల్సిన చోట రెండు లేస్తాయి, ఒక్కోసారి మూడు. వారం తిరిగేసరికి తీగ మూడు వేళ్ల వెడల్పున చదునైపోయి, నడుమ ఒక గాడి పడి, రెండు తీగల్ని కలిపి అతికించినట్టు కనిపిస్తుంది. కొందరు అది తెగులనుకుని మొక్కనే పీకేస్తారు. ఇంకొందరు తీగ లావెక్కింది కాబట్టి కాయ కూడా పెద్దదవుతుందని సంబరపడి అలాగే వదిలేస్తారు. రెండూ తొందరపాటే. మొక్క వయసెంత, పిందె కట్టడానికి ఇంకా ఎన్నాళ్లుంది, దగ్గర్లో మంచి పక్క తీగ ఉందా లేదా, ఈ మూడూ చూసుకుంటే ఏం చేయాలో చాలావరకు తేలిపోతుంది.

నేను చెబుతున్నది అట్లాంటిక్ జెయింట్ రకం గురించి. కెనడాలోని నోవాస్కోషియాలో హోవర్డ్ డిల్ అనే రైతు ఏళ్ల తరబడి ఏరి ఏరి అభివృద్ధి చేసిన రకమిది. ఇవాళ పోటీల్లో తూగే పెద్ద కాయలు దాదాపు అన్నీ ఆ వంశానివే. 2025 అక్టోబరులో ఇంగ్లండ్‌కి చెందిన పాటన్ కవల సోదరుల కాయ 1,278.8 కిలోలు తూగి ప్రపంచ రికార్డు సాధించింది. ఊపు మీదున్న రోజుల్లో మంచి కాయ రోజుకి 20 కిలోల పైనే పెరుగుతుంది. అంత నీరూ, అంత చక్కెరా తొడిమ తగిలిన ఆ ఒక్క తీగలోంచే కాయలోకి చేరాలి. మామూలు గుమ్మడి పాదులో ఎవరూ పట్టించుకోని తీగ వికారం ఇక్కడ పెద్ద సమస్య కావడానికి కారణం ఇదే.

మొదటి పని: మామూలు తీగకీ దీనికీ తేడా చూడండి

ఆరోగ్యంగా ఉన్న తీగలో ప్రతి కణుపు దగ్గరా ఒకే లెక్క ఉంటుంది. ఒక ఆకు, ఒక నులితీగ, ఒక పూమొగ్గ, ఒక పక్క తీగ మొలక, అడుగున వేరు పుట్టే చోటు. కొస ఎప్పుడూ నేలకి ఆనకుండా పడగెత్తిన పాములా జానెడు పైకి లేచి ఉంటుంది. ఈ లెక్క ఎక్కడ తప్పిందో పట్టుకోవడమే మీ మొదటి పని.

ఎండ ముదరకముందే పాదు దగ్గర కూర్చోండి. మొదలు నుంచి కొస వరకు తీగ మీద బొటనవేలు ఆనించి మెల్లగా జరుపుతూ వెళ్లండి. గుండ్రం ఎక్కడ ఆగిందో, చదును ఎక్కడ మొదలైందో కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది. ముందు సన్నటి గీతలు తగులుతాయి, తర్వాత పక్కలు రెండూ ఉబ్బి నడుమ కాస్త పల్లమైనట్టు ఉంటుంది, ఆ పైన గాడి స్పష్టంగా దొరుకుతుంది. సన్నటి గీతలు మొదలైన కణుపు పక్కన ఒక పుల్ల గుచ్చండి. ఇక ముందు చేసే ప్రతి పనికీ ఆ పుల్లే గుర్తు.

తీగ చదునైతే అది ఎదుగుదల వికారం. దీన్ని ఫ్యాసియేషన్ అంటారు; పెంపకందారులు మాత్రం ఫ్లాట్ వైన్ అనో, డబుల్ వైన్ అనో పిలుస్తారు. కొసలో కొత్త కణాలు పుట్టే చోటు మామూలుగా చిన్న గుండ్రటి బొడిపెలా ఉంటుంది. అది పక్కకి సాగి గీతలా మారిపోతే, అక్కణ్నుంచి పుట్టే తీగ కూడా చదునుగానే వస్తుంది. కోడిజుట్టు పువ్వుకి ఆ ఆకారం వచ్చింది ఈ వికారం వల్లనే; ఆ మొక్కలో అది విత్తనం వెంట తరతరాలకీ దిగుతుంది. గుమ్మడిలో మాత్రం ఇదే కారణమని ఒకదాన్ని చూపించడం కష్టం. లేత కొసకి చలి తగలడం, గాయం కావడం, పురుగు కొరకడం, ఎదుగుదల ఉన్నట్టుండి ఊపందుకోవడం, విత్తన వంశం, వీటిలో ఏదైనా కావచ్చు. కొన్ని రకాల మొక్కల్లో రోడోకాకస్ ఫేసియన్స్ అనే బ్యాక్టీరియా కూడా ఇలాంటి వికారం తెస్తుంది. కారణం దొరకలేదని దిగులు పడకండి. కారణం ఏదైనా చేయాల్సిన పని ఒకటే.

అయితే తీగ వింతగా పెరిగినప్పుడల్లా ఇదే అనుకోకూడదు. బయటికి దగ్గరి పోలికలతో కనిపించే వేరే సమస్యలు మూడున్నాయి. వాటికి చేయాల్సింది పూర్తిగా వేరు.

కలుపుమందు దెబ్బ తగిలితే తీగ చదునవదు, మెలి తిరుగుతుంది. కొత్త ఆకులు సన్నగా సాగిపోతాయి, ఈనెలు విసనకర్ర పుల్లల్లా దగ్గరదగ్గరగా వస్తాయి, అంచులు గిన్నెలా లోపలికి ముడుచుకుంటాయి. 2,4-డి లాంటి మందు ఎక్కడో కొట్టినా గాలికి కొట్టుకొచ్చి గుమ్మడి మీద పడవచ్చు. చుట్టుపక్కల టమాటా, చిక్కుడు మొక్కలు కూడా చూడండి. అవీ వంకర్లు తిరిగితే అనుమానం తీరినట్టే. మందు కొద్దిగా తగిలితే రెండు మూడు వారాల్లో కొత్త ఆకులు మామూలుగా రావడం మొదలవుతుంది, అందాకా ఏమీ కోయకుండా ఓపిక పట్టాలి. మందు గాల్లోంచి కాక ఎరువులోంచి వస్తే కథ వేరు. అమినోపైరలిడ్, క్లోపైరలిడ్ అనే మందులు చల్లిన గడ్డి పశువులు తిన్నా, ఆ పేడ మాగి ఎరువైనా మందు ప్రభావం పోదు. అలాంటి మట్టిలో ఈ సీజన్‌కి జెయింట్ గుమ్మడి పెట్టుకోకపోవడమే మేలు.

వైరస్ అయితే ఆకు మీద ముదురు పచ్చా, లేత పచ్చా మచ్చలు కలగలిసి ఉంటాయి, ఆకు బొబ్బలెక్కినట్టు ఉబ్బుతుంది, కొత్త ఆకులు చిన్నవైపోతాయి. పేనుబంక ద్వారా వచ్చే ఈ తెగుళ్లకి మందు లేదు. మనసుకి కష్టమైనా మొక్కని తీసేయాలి, లేకపోతే పక్క మొక్కలూ పోతాయి. చదును తీగలో ఆకులు రెండేసి వచ్చినా రంగు మాత్రం నిండుగా, సమంగా ఉంటుంది. అనుమానం వచ్చినప్పుడు ముందు చూడాల్సింది ఆకు రంగునే.

మూడోది బోరాన్ లోపం. కొస పెళుసెక్కి, లేత ఆకులు ముడతలు పడి, ఎదుగుదల చోటు మాడిపోతుంది; తీగ మీద అడ్డంగా పగుళ్లు వస్తాయి. మట్టి పరీక్ష చేయించకుండా బోరాన్ వేయవద్దు. మొక్కకి కావాల్సిన మోతాదుకీ, విషమయ్యే మోతాదుకీ మధ్య తేడా చాలా తక్కువ.

రెండో పని: నాలుగైదు రోజులు ఆగండి

చదును తీగ అని తేలిన వెంటనే కోయకండి. కొన్ని తీగలు అరమీటరో, మీటరో చదునుగా సాగి మళ్లీ వాటంతటవే గుండ్రంగా మారతాయి. ఇంకొన్ని రెండుగా విడిపోయి పంగలా చీలతాయి. కొన్ని మాత్రం రోజురోజుకీ వెడల్పవుతూ పోతాయి. ఈ మూడింటిలో మీది ఏ దారి పడుతోందో నాలుగైదు రోజుల్లో తెలుస్తుంది. రోజూ ఒకే చోటు నుంచి ఫోన్‌లో ఫొటో తీయండి. పక్కన స్కేలు పెట్టి తీస్తే వెడల్పు పెరుగుతోందా తగ్గుతోందా అని తర్వాత వాదించుకునే పని ఉండదు.

ఈ రోజుల్లో ఒక పని తప్పకుండా చేయండి: పక్క తీగల్ని గిల్లడం ఆపేయండి. ముఖ్యంగా పుల్ల గుచ్చిన చోటుకి వెనక, గుండ్రటి భాగంలో ఉన్న పక్క తీగలు ఒక్కటి కూడా పోకూడదు. రేపు మీ మొక్కకి ప్రధాన తీగ కాబోయేది వాటిలో ఒకటే కావచ్చు. నత్రజని ఎరువు వేస్తూ ఉంటే తగ్గించండి. ముదురు పచ్చ ఆకులతో, పెళుసు తీగతో ఊగిపోతున్న మొక్కకి ఇంకా నత్రజని పోస్తే చీలికలు ఎక్కువవుతాయి తప్ప లాభం లేదు. నీరు మాత్రం ఒక రోజు ముంచి, ఒక రోజు ఎండగట్టకుండా సమంగా ఇవ్వండి.

మూడో పని: వయసు లెక్క వేసి నిర్ణయం తీసుకోండి

పరాగ సంపర్కం తర్వాత కాయ పూర్తిగా ఎదగడానికి 80 నుంచి 100 రోజులు పడుతుంది. విత్తు వేసిన రెండు నెలలకి అటూ ఇటూగా, ప్రధాన తీగ 3 నుంచి 4.5 మీటర్లు సాగిన చోట పిందె కట్టించడం చాలామంది పద్ధతి. ఈ లెక్క పక్కన మీ మొక్కని పెట్టి చూడండి.

మొక్క ఇంకా చిన్నది, ఐదారు ఆకులే ఉన్నాయి, చదును మొదట్లోనే కనిపించింది, పైగా పక్కన ఇంకో నారు మొక్క సిద్ధంగా ఉందనుకోండి. అప్పుడు మొహమాటపడకండి, మొక్క మార్చేయండి. మొదలు దగ్గరే చదునుగా పుట్టిన తీగ బరువెక్కే కొద్దీ అక్కడే చీలుతుంది. అంత కీలకమైన చోట చీలిక పడితే సీజన్ మధ్యలో మొక్క మొత్తం కుళ్లిపోయే ప్రమాదం ఉంది.

తీగ ఒకటి రెండు మీటర్లు సాగాక చదునైతే, పిందె పడాల్సిన చోటు ఇంకా రాలేదు కాబట్టి మీకు వ్యవధి ఉంది. పక్క తీగని ప్రధాన తీగగా మార్చడానికి ఇదే సరైన సమయం. నా మట్టుకు నేను ఈ దశలో చదును తగ్గకుండా వారం దాటితే ఇక ఎదురుచూడను, పక్క తీగకే మొగ్గు చూపుతాను. నాలుగు రోజుల ఎదుగుదల పోతుందేమో గానీ, కాయ కూర్చునే చోట నమ్మకమైన తీగ దొరుకుతుంది.

పిందె కట్టాల్సిన సమయం దగ్గర పడ్డాక, లేదా పిందె కట్టిన తర్వాత దాని అవతల తీగ చదునైతే అసలు కంగారే అక్కర్లేదు. కాయకి అవతల ఉన్న భాగం నుంచి మనకి కావాల్సింది ఆకులూ, వేర్లూ మాత్రమే. చదునుగా ఉన్నా అవి తమ పని తాము చేస్తాయి. ఒక పిందె చదునుకి ముందే, గుండ్రటి భాగం మీద ఉంటే దాన్ని వదులుకోకండి, కోరుకున్న దూరం కంటే కొంచెం దగ్గరైనా సరే.

నాలుగో పని: పక్క తీగని ప్రధాన తీగగా మార్చడం

దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొక్కలు ఎక్కువగా దెబ్బతినేది వికారం వల్ల కాదు, ఈ పనిని హడావుడిగా చేయడం వల్ల.

ముందు తీగని ఎంచుకోండి. పుల్లకి వెనక రెండు మూడు కణుపుల దూరంలో, పూర్తిగా గుండ్రటి భాగం నుంచి వచ్చిన పక్క తీగ కావాలి. అది అర మీటరు నుంచి మీటరు పొడవుంటే మంచిది. కొస ఒకటే ఉండాలి, కణుపుకి ఒకటే ఆకు ఉండాలి. చదును తీగ మీద నుంచి పుట్టిన పక్క తీగలు కూడా తరచు మామూలుగా గుండ్రంగానే వస్తాయి. అయినా వాటిని ఎంచుకుంటే కాయకి వెళ్లే ఆహారం మళ్లీ ఆ చదును భాగం గుండానే పోవాలి, అందుకే వెనక ఉన్నదే నయం. మరీ మొదలుకి ఆనుకుని పుట్టిన పక్క తీగ కూడా అంత మంచిది కాదు. వేరే దారి లేనప్పుడు సరే.

తర్వాత చదును తీగ కొస గిల్లండి. కొస మాత్రమే. ఇక్కడే చాలామంది తీగని పుల్ల దగ్గరికి నరికేసి, పది పన్నెండు ఆకుల్ని ఒక్కసారిగా పోగొట్టుకుంటారు. ఆ ఆకులు తయారుచేసే ఆహారం మీ పక్క తీగకి ఇప్పుడు చాలా అవసరం. కొస పోతే చాలు, ఎదుగుదల ఊపంతా పక్క తీగలకి మళ్లుతుంది. వారం లోపే మీరు ఎంచుకున్న తీగ లావెక్కడం, దాని కొత్త ఆకులు పెద్దవవడం కనిపిస్తుంది. చదును భాగం దారికి అడ్డం రానంతకాలం ఉండనివ్వండి. దాని మీది మగపువ్వులు కూడా పనికొస్తాయి.

ఇక తీగని తిప్పడం. పొద్దున్నే తీగ నీటితో బిగిసి ఉంటుంది, వంచితే చటుక్కున విరుగుతుంది. మధ్యాహ్నం ఎండకి కాస్త మెత్తబడ్డాక చేయండి. గడ్డినో, పుల్లనో పట్టుకున్న నులితీగల్ని ముందు కత్తిరించాలి. అవి ఒకవైపు లాగుతుంటే మీరు ఇంకోవైపు తిప్పడం ఎంత ప్రమాదమో ఒక్కసారి తీగ విరిగితే తెలుస్తుంది. ఒక చేత్తో పక్క తీగ ప్రధాన తీగకి తగిలే పంగని గట్టిగా పట్టుకోండి. రెండో చేత్తో తీగ మధ్యభాగాన్ని రెండు మూడు వేళ్ల మందం పక్కకి జరపండి. కొస పట్టుకుని లాగకూడదు. జరిపిన చోట రెండు వెదురు పుల్లల్ని ఒకదానికొకటి అడ్డంగా, తీగకి రెండు పక్కలా గుచ్చితే వెనక్కి రాదు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అంతే. మూడు నాలుగు రోజుల్లో అది పాత ప్రధాన తీగ వెళ్లాల్సిన దారిలోకి వచ్చేస్తుంది. జరుపుతున్నప్పుడు పంగ దగ్గర చిన్న టిక్ శబ్దం వినిపిస్తే అక్కడే ఆపి, ఆ రోజుకి వదిలేయండి.

కొత్త తీగ దారిలో పడ్డాక, అడ్డం వస్తున్న చదును భాగం తీసేయాలనుకుంటే పొడిగా ఉన్న రోజు ఉదయం తీసేయండి. రోజంతా ఎండ తగిలి కోత సాయంత్రానికి ఆరిపోతుంది. కత్తిని 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి, మొక్కకీ మొక్కకీ మధ్య మళ్లీ తుడవండి. చదును వికారం పక్క మొక్కకి అంటుకోదు గానీ, వైరస్‌లు కత్తి వెంట పోతాయి. ఎంచుకున్న పక్క తీగ కణుపుకి నాలుగు వేళ్ల అవతల కోయాలి, కణుపు దగ్గరికి కాదు. గుమ్మడి తీగ లోపల బోలుగా ఉంటుంది. కోసిన చివర ఆకాశం వైపు చూస్తుంటే వాన నీరు లోపలికి చేరి కుళ్లు మొదలవుతుంది, అందుకని చివర కిందికి వాలేట్టు, మట్టికి మాత్రం తగలకుండా చిన్న రాయి ఆనించండి. రెండు మూడు వారాల్లో ఆ మోడు ఎండి ముడుచుకుపోతుంది.

ఆ తర్వాత మామూలే. కొత్త ప్రధాన తీగ కణుపుల అడుగున తడి మట్టి ఎగదోయండి, వేర్లు దిగుతాయి. దాని పక్క తీగల్ని రెండు వైపులా పంపండి. పిందె కట్టించే దూరం కొలిచేటప్పుడు మొదలు నుంచి పాత తీగా, కొత్త తీగా కలిపే కొలవాలి.

చదును తీగతోనే సాగాల్సి వస్తే

మంచి పక్క తీగ దొరకలేదు, లేదా సమయం మించిపోయింది. అప్పుడు ఉన్న తీగనే కాపాడుకోవాలి, అది అసాధ్యమేమీ కాదు.

చదును తీగ గట్టిగా, మొండిగా ఉంటుంది. వంగదు. దాన్ని మామూలు తీగలా దారికి తేవాలని చూస్తే గాడి వెంబడి చీలుతుంది. అది ఎటు పోతే అటు పోనివ్వండి. గాలికి లేచిపోకుండా రెండు మూడు చోట్ల వెదురు పుల్లలు అడ్డంగా గుచ్చండి, తాడుతో బిగించి కట్టవద్దు. కణుపుల మీద మట్టి వేసేటప్పుడు పక్కలకి మాత్రమే వేసి, నడుమ గాడిని తెరిచి ఉంచండి. ఆ గాడిలో నీరు నిలిస్తే కుళ్లు అక్కణ్నుంచే మొదలవుతుంది.

కొస రెండుగా చీలుతున్నట్టు కనిపిస్తే ఆలస్యం చేయకండి. రెండు కొసలు విడివిడిగా తెలిసిన వెంటనే, ఇంకా వేలెడు పొడవుండగానే, చిన్నగా ఉన్నదాన్ని పదునైన బ్లేడుతో తీసేయండి. చిన్న గాయం త్వరగా మానుతుంది, మిగిలిన కొస చాలాసార్లు గుండ్రంగా సాగుతుంది. అంతే గానీ చదునైపోయిన తీగని నిలువునా రెండుగా కోయాలని మాత్రం చూడకండి. అంత పొడవు గాయం ఆరదు.

సన్నటి నిలువు పగుళ్లు పడి, అంచులు గోధుమ రంగులో ఎండిపోతుంటే వాటిని ముట్టుకోనక్కర్లేదు, మొక్క తనంతట తానే మాన్పుకుంటుంది. పగుల్లోంచి నురుగు వస్తూ పులిసిన వాసన వేస్తే మాత్రం అది బ్యాక్టీరియా. మెత్తబడిన గుజ్జుని చెంచాతో గట్టి భాగం తగిలేదాకా గీకి తీసేయండి. ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి ఆ చోటు మాత్రం కడగండి. తర్వాత గాలి ఆడాలి. చుట్టూ ఒకటి రెండు ఆకులు తీసేయడమో, చిన్న ఫ్యాన్ పెట్టడమో చేయండి. మట్టితో కప్పెయ్యడం కన్నా చెడ్డ పని లేదు.

ఇక పిందె. చదును భాగం మీద ఆడమొగ్గలు కూడా జంటగా వస్తాయి. తొడిమ వెడల్పుగా, రెండు పిందెలు అతుక్కున్నట్టు ఉంటుంది. చూడ్డానికి పెద్దగా ఉంటుంది కాబట్టి ఆశ పుడుతుంది. ఆ ఆశ పెట్టుకోకండి. జంట పిందెలు తరచు రాలిపోతాయి, నిలిస్తే అతుకు దగ్గరో, పువ్వు ఊడిన చోటో చీలతాయి. చీలిక కాయ లోపలి గుల్ల దాకా పోతే పోటీలో తూకానికి అర్హత ఉండదు. చదును భాగం నుంచి పుట్టిన గుండ్రటి పక్క తీగ మీద ఒంటి పిందె ఉంటే దాన్ని ఎంచుకోండి. పువ్వు విచ్చడానికి ముందు సాయంత్రం మొగ్గని పలచటి గుడ్డతో కప్పి, తెల్లవారాక తాజా మగపువ్వుతో చేత్తో పరాగ సంపర్కం చేయండి. అది నిలిచిందని నమ్మకం కలిగేదాకా ఇంకో పిందెని కూడా ఉంచుకోవడం మంచిది.

తప్పనిసరై చదును తీగ మీదే ఒంటి పిందె నిలిపితే తొడిమ మీద కన్నేసి ఉంచండి. కాయ ఎత్తు పెరిగే కొద్దీ తీగని పైకి లాగుతుంది; మామూలు తీగ వంగి సర్దుకుంటుంది, ఇది సర్దుకోదు. కాయకి రెండు వైపులా రెండడుగుల దూరం దాకా కణుపు వేర్లని తెంపి, తీగ నేల విడిచి లేచేలా చూడండి. ఈ పని కాయ ఫుట్‌బాల్ అంత ఉన్నప్పుడే చేయాలి.

కొసే మాయమైతే

కొన్నిసార్లు తీగ చదునవడానికి బదులు అక్కడితో ఆగిపోతుంది. చివర ఒక ఆకో, పువ్వో ఉంటుంది, దాని తర్వాత పడగెత్తాల్సిన కొస ఉండదు. లేత దశలో చలి తగిలినా, పురుగు కొరికినా ఇలా జరుగుతుంది. రెండు మూడు రోజులు చూసి, కొత్త ఎదుగుదల లేకపోతే పక్క తీగని పైన చెప్పినట్టే మార్చుకోవడమే. కొస ఎలాగూ లేదు కాబట్టి గిల్లే పని కూడా లేదు.

వచ్చే సీజన్‌కి

ప్రతి గుంతకీ రెండు నారు మొక్కలు పెట్టుకుని, తీగ దిశ తెలిసేదాకా రెండూ ఉంచండి. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగే రోజుల్లో లేత మొక్కల మీద కప్పు వేయండి. బయటి నుంచి తెచ్చిన పశువుల ఎరువుని వాడేముందు పరీక్షించండి: మూడు కుండీల్లో ఆ ఎరువు కలిపిన మట్టి, మూడు కుండీల్లో నమ్మకమైన మట్టి పోసి చిక్కుడు గింజలు వేయండి. మూడు వారాల్లో ఎరువు కుండీల్లోని ఆకులు మాత్రమే ముడుచుకుంటే ఆ ఎరువు వద్దు.

చదును తీగ వచ్చిన మొక్క కాయ నుంచి గింజలు దాచుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. దాచుకోవచ్చు. ఒక మొక్కలో ఒకసారి కనిపించినంత మాత్రాన ఆ వంశమంతా అలా వస్తుందని కాదు. జెయింట్ గుమ్మడి గింజలకి కాయ బరువు, పెంచినవారి ఇంటిపేరు, సంవత్సరం కలిపి పేరు పెట్టడం ఆనవాయితీ. ఆ కవరు మీద ఇంకో లైను చేర్చి, తీగ మొదలు నుంచి ఎంత దూరంలో చదునైంది, మళ్లీ గుండ్రంగా మారిందా లేదా రాసిపెట్టండి. గింజలు ఎవరికైనా ఇస్తే ఆ లైను కూడా చెప్పి ఇవ్వండి. ఒకే కాయ గింజల్లోంచి రెండు మూడు మొక్కలు వరసగా చదునుగా వస్తే మాత్రం ఆ కవరు పక్కన పెట్టి వేరే వంశం వేసుకోండి.